కండరం పట్టేదెలా, వదిలేదెలా? ‘కమ్జోరీ’ అనే ఒక్క మాట వెనుక ఎన్ని కారణాలో

మటన్ షాపులో అప్పుడే కోసిన పొట్టేలు తొడను గమనించినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. తోలు తీసి కొక్కేనికి వేలాడదీశాక కూడా ఆ మాంసం అక్కడక్కడా సన్నగా అదురుతూ ఉంటుంది. ఉప్పు తగిలితే ఇంకాస్త ఎక్కువ కదులుతుంది. పిల్లలు భయపడి "ఇంకా ప్రాణం ఉందా?" అని అడుగుతారు. ప్రాణం పోయింది. మెదడు నుంచి ఆజ్ఞ వచ్చే దారీ తెగిపోయింది. కానీ కండ లోపల దాచి ఉన్న ఇంధనం ఇంకా అయిపోలేదు. అది ఉన్నంతసేపు కండ కాస్త లాగుతుంది, కాస్త వదులుతుంది. కొన్ని గంటలకు ఆ ఇంధనం కూడా ఖాళీ అవుతుంది. ఇంధనం అయిపోయాక మాంసం వదులుగా వేలాడాలి కదా అనుకుంటాం. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అదే మాంసం కర్రలా బిగుసుకుపోతుంది.

కండరం గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇక్కడే ఉంది. బిగించడానికే కాదు, పట్టు వదలడానికి కూడా దానికి శక్తి కావాలి.

మన ఇళ్లలో ఒంట్లో బలం లేకపోవడానికి ఒకటే పేరు: కమ్జోరీ. దాదీ నేల మీద నుంచి లేవలేకపోయినా కమ్జోరీయే. సాయంత్రానికి అమ్మీ కనురెప్పలు వాలిపోతున్నా కమ్జోరీయే. ఐదేళ్ల బాబు మెట్లెక్కలేక పడిపోతున్నా కమ్జోరీయే. దానికి మందు కూడా ఒకటే. ఒక టానిక్ సీసా, లేదంటే దగ్గర్లోని క్లినిక్‌లో ఒక సెలైన్. నిజానికి మెదడులో పుట్టిన ఆజ్ఞ కండ కదలికగా మారేలోపు చాలా దశలు దాటాలి. ఏ దశలో తేడా వచ్చిందన్నదాన్ని బట్టి జబ్బు మారుతుంది, మందూ మారుతుంది.

రేషా లోపల రేషా

మన ఒంట్లో మూడు రకాల కండరాలున్నాయి. గుండె కండరం ఒకటి. పేగులు, రక్తనాళాల గోడల్లో ఉండే నునుపు కండరం ఇంకొకటి. ఈ రెండూ మన మాట వినవు, వాటి పని అవి చేసుకుపోతాయి. మూడోది ఎముకలను పట్టుకుని ఉండే అస్థి కండరం. నడవడం, నమలడం, రాయడం, ఊపిరి పీల్చడం అన్నీ దీని పనే. ఇలాంటివి 600కు పైగా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ల బరువులో దాదాపు 40 శాతం ఇవే. ఆడవాళ్లలో కాస్త తక్కువ. షాపులో మనం గోష్త్ అని కొనేది కూడా ఇదే.

హలీం తిన్నవాళ్లకు రేషా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గంటల తరబడి ఉడికించి, కర్రతో ఘోటా వేస్తే మాంసం దారాలు దారాలుగా విడిపోతుంది. వేలితో పట్టుకోగలిగిన ఆ ఒక్కో దారం నిజానికి ఒక కట్ట. అందులో కండర పోగులు పదుల సంఖ్యలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా ఉంటాయి. ఒక్కో పోగు ఒకే ఒక్క కణం. మందం తల వెంట్రుకంత లేదా అంతకంటే తక్కువ, పొడవు మాత్రం కొన్ని సెంటీమీటర్లు. ఒంట్లో చాలా కణాలకు ఒక్కటే కేంద్రకం ఉంటే, దీనికి వందల కేంద్రకాలుంటాయి. గర్భంలో చిన్న చిన్న కణాలు ఎన్నో కలిసిపోయి ఒక్క పోగుగా మారడమే దీనికి కారణం.

ఒక్కో పోగు చుట్టూ ఒక పల్చటి తొడుగు, కట్ట చుట్టూ ఇంకో తొడుగు, మొత్తం కండరం చుట్టూ మరో తొడుగు. ఈ తొడుగులన్నీ చివర్లో కలిసి తెల్లటి గట్టి పట్టీగా మారి ఎముకకు అతుక్కుంటాయి. దీన్ని టెండన్ అంటారు. మడమ పైన వేళ్లతో పట్టుకుంటే గట్టిగా తగిలేది అదే. తొడుగుల్లోనూ టెండన్‌లోనూ ఉండే ముఖ్యమైన పదార్థం కొలాజెన్. నహారీ, పాయా రాత్రంతా సన్నని మంట మీద ఉడికితే పెదవులు అతుక్కునేంత జిగురు వస్తుంది కదా, అది ఈ కొలాజెన్ కరిగి వచ్చిందే.

కండరానికి వచ్చిన పని ఒక్కటే, లాగడం. నెట్టడం దానికి చేతకాదు. అందుకే ఏ కీలు దగ్గరైనా కండరాలు ఎదురెదురుగా ఉంటాయి. చేయి ముడవాలంటే ముందున్న కండ లాగుతుంది, చాపాలంటే వెనకున్నది లాగుతుంది. చేత్తో తలుపు నెట్టినప్పుడు కూడా లోపల జరుగుతున్నది లాగుడే.

పోగును మైక్రోస్కోపులో చూస్తే చీకటి చార, వెలుగు చార, మళ్లీ చీకటి చార, ఇలా అడ్డంగా గీతలు కనిపిస్తాయి. పోగు లోపల వందల కొద్దీ సన్నటి తీగలున్నాయి. ఒక్కో తీగ చిన్న చిన్న గదులను వరసగా అతికించిన గొలుసు. ఒక్కో గదిని సార్కోమియర్ అంటారు. దీని పొడవు మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు, రెండున్నర భాగాలంత. పది సెంటీమీటర్ల పోగులో ఒక్క వరసలోనే ఇలాంటి గదులు దాదాపు 40,000. ఒక్కో గది తన పొడవులో ఐదో వంతు తగ్గిందనుకుంటే అది కంటికి ఆనేది కాదు. కానీ 40,000 గదులు ఒకేసారి తగ్గితే మొత్తం పోగు రెండు సెంటీమీటర్లు కురచవుతుంది. ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

చేద తాడు లాగినట్టు

ఒక్కో గదిలో రెండు రకాల తీగలుంటాయి. లావు తీగలు మయోసిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. సన్న తీగలు యాక్టిన్ అనే ప్రోటీన్‌తో. 20వ శతాబ్దం సగం గడిచేదాకా, కండ ముడుచుకుంటుందంటే ఈ ప్రోటీన్లే స్ప్రింగులా చుట్టుకుపోతాయని చాలామంది శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో వచ్చిన రెండు వ్యాసాలు ఆ ఆలోచనను మార్చేశాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కే రాసింది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు, పనిచేసిన చోట్లు కూడా వేరు. అయినా ఇద్దరూ ఒకే సంగతి చూశారు. కండ కురచైనప్పుడు చీకటి చార వెడల్పు మారడం లేదు. అంటే తీగలు పొట్టివి కావడం లేదు, ఒకదాని మధ్యలోకి ఒకటి జారుతున్నాయి. రెండు చేతుల వేళ్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందులోకి ఒకటి దూర్చితే చేతులు దగ్గరవుతాయి, వేళ్ల పొడవు మాత్రం తగ్గదు. అచ్చం అలాగే.

మరి జార్చేది ఎవరు? లావు తీగ నుంచి చిన్న చిన్న తలలు బయటికి పొడుచుకుని ఉంటాయి. ఒక్కో తీగకు కొన్ని వందల తలలు. ఇవి పక్కనున్న సన్న తీగను పట్టుకుని లాగుతాయి, వదిలేస్తాయి, ఇంకాస్త ముందు పట్టుకుని మళ్లీ లాగుతాయి. చేద బావిలో నీళ్లు తోడినవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. ఒక చెయ్యి తాడు పట్టుకుని ఉంటే ఇంకో చెయ్యి వదిలి పైకి జరుగుతుంది. రెండూ ఒకేసారి వదిలితే బిందె బావిలో పడిపోతుంది. ఒక్కో తల ఒక్కో లాగుడుకు కదిలించే దూరం మిల్లీమీటరులో దాదాపు లక్షో వంతు మాత్రమే. కోట్ల కోట్ల తలలు వంతులవారీగా లాగితే బస్తా పైకి లేస్తుంది.

ఈ తలలకు కూలి ఏటీపీ. శరీరంలో ఏ పనికైనా చెల్లుబాటయ్యే ఇంధనం అది. కూలి ఎప్పుడు అందుతుందన్నదే ఇక్కడ ఆసక్తికరమైన విషయం. ఏటీపీ వచ్చి అతుక్కోగానే తల సన్న తీగను వదిలేస్తుంది. తర్వాత ఆ ఏటీపీ విరిగితే వచ్చిన శక్తితో తల వెనక్కి వంగి, తుపాకీ గుర్రం ఎక్కుపెట్టినట్టు సిద్ధమవుతుంది. మళ్లీ తీగను పట్టుకున్నాక, దాచుకున్న శక్తితో లాగుతుంది. లాగిన తర్వాత పట్టు అలాగే ఉండిపోతుంది. ఇంకో ఏటీపీ వచ్చేదాకా వదలదు.

చనిపోయిన ఒళ్లు బిగుసుకుపోవడానికి కారణం ఇదే. ఏటీపీ తయారయ్యే పని ఆగిపోయింది, పట్టుకున్న తలలను విడిపించే దిక్కు లేదు. మనుషుల్లో ఇది మరణించిన కొన్ని గంటల్లో మొదలై, సుమారు 12 గంటలకు పూర్తిగా బిగుసుకుంటుంది. తర్వాత ప్రోటీన్లే తెగిపోవడంతో ఒకటి రెండు రోజుల్లో సడలుతుంది. ఎండాకాలంలో ఇదంతా త్వరగా జరుగుతుంది. మాంసం విషయంలోనూ అంతే. సరిగ్గా బిగుసుకున్న దశలో వండితే ముక్క గట్టిగా వస్తుంది. పత్థర్ కా గోష్త్‌కూ, సీఖ్ కబాబ్‌కూ పచ్చి బొప్పాయి ముద్ద పట్టించడం అందుకే. బొప్పాయి పాలలో ఉండే పపెయిన్ అనే ఎంజైమ్ ప్రోటీన్ తీగలను ముందే తెంపేస్తుంది.

తాళం చెవి కాల్షియం

ఏటీపీ ఎప్పుడూ ఉంటే మరి కండ ఎప్పుడూ ఎందుకు లాగదు? సన్న తీగ మీద తలలు పట్టుకునే చోట్లను ట్రోపోమయోసిన్ అనే ఒక ప్రోటీన్ తాడు కప్పి ఉంచుతుంది. ఆ తాడుకు ట్రోపోనిన్ అనే తాళం ఉంటుంది. కాల్షియం వచ్చి తాళానికి తగిలితే తాడు పక్కకు జరుగుతుంది, పట్టుకునే చోట్లు బయటపడతాయి, లాగుడు మొదలవుతుంది. 1960ల్లో ఈ ట్రోపోనిన్‌ను వెలికితీసింది జపాన్ శాస్త్రవేత్త సెట్సురో ఎబాషి, ఆయన బృందం. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే చేసే ట్రోపోనిన్ టెస్ట్ పేరు చాలామంది విన్నదే. గుండె కండరం దెబ్బతింటే ఇదే జాతి ప్రోటీన్ రక్తంలోకి కారుతుంది.

ఈ కాల్షియం పోగు లోపలే సన్నటి సంచుల్లో దాచి ఉంటుంది. ఆజ్ఞ రాగానే సంచులు తెరుచుకుంటాయి. ఆజ్ఞ ఆగిపోగానే పంపులు కాల్షియంను తోడి మళ్లీ సంచుల్లో పోస్తాయి. ఈ పంపులకు కూడా ఏటీపీయే కావాలి. చూశారా, సడలడానికి రెండు చోట్ల ఖర్చు: తల వదలడానికి ఒకసారి, కాల్షియం వెనక్కి తోడడానికి ఇంకోసారి. అలాగని కాల్షియం మాత్రలు మింగితే కండ బలం పెరుగుతుందని కాదు. ఇక్కడ తిరిగేది ఆ పోగు తన దగ్గరే ఉంచుకున్న నిల్వ.

భీమవరం నుంచి హార్వర్డ్ దాకా

ఏటీపీ కథలో ఒక తెలుగువాడున్నాడు. ఆయన పేరు తెలిసిన తెలుగువాళ్లు తక్కువే కావడం బాధాకరం. యెల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరి, రక్తంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని తయారు చేశారు. 1925లో ప్రచురించిన ఆ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా పేరు పొందింది.

అప్పటికి కండరానికి శక్తి లాక్టిక్ యాసిడ్ తయారవడం వల్లే వస్తుందని గట్టి నమ్మకం ఉండేది. కండరాల మీద పరిశోధనకు ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1927లో ఫిస్క్, సుబ్బారావు కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థాన్ని చూపించారు. కండ పనిచేసినప్పుడు అది తగ్గుతోంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతోంది. 1929లో ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్నే కనుగొన్నారు. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ యాసిడ్ తయారు కాకుండా ఆపేసిన కండ కూడా కాసేపు పనిచేస్తుందని చూపించడంతో పాత నమ్మకం కూలిపోయింది. సుబ్బారావు తర్వాత ఒక మందుల కంపెనీలో చేరి ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందుల పరిశోధనలు నడిపించి, 1948లో 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

కండరం ఖర్చు లెక్క ఇంటి ఖర్చు లెక్కలాంటిదే. ఏటీపీ జేబులో చిల్లర. గట్టిగా పరుగెత్తితే రెండు మూడు సెకన్లలో ఖాళీ. ఫాస్ఫోక్రియాటిన్ బీరువాలో పెట్టుకున్న నగదు, పది సెకన్ల దాకా ఆదుకుంటుంది. కండలో దాచిన పిండి పదార్థం గ్లైకోజెన్ బ్యాంకు ఖాతా. కొవ్వు ఫిక్స్‌డ్ డిపాజిట్. దాన్ని విడిపించడానికి టైం పడుతుంది, ఆక్సిజన్ కావాలి, కానీ గంటల తరబడి నడిపిస్తుంది. ఇంత చేసినా ఖర్చయిన శక్తిలో పనికి వచ్చేది నాలుగో వంతు లోపే, మిగతాదంతా వేడి. చలికి ఒళ్లు వణకడం ఈ వేడి కోసమే.

కోడి లెగ్ పీసు ఎర్రగా, ఛాతీ ముక్క తెల్లగా ఉండటం కూడా ఈ లెక్క వల్లే. రోజంతా నిలబడి తిరిగే కాళ్లకు అలసిపోని నెమ్మది పోగులు కావాలి. వాటిలో ఆక్సిజన్ పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ, అందుకే ఎరుపు. ఎప్పుడో ఒకసారి రెక్కలు కొట్టుకునే ఛాతీకి వేగం పోగులు చాలు. పావురం ఛాతీ మాత్రం ముదురు ఎరుపు, ఎందుకంటే అది మైళ్లు ఎగురుతుంది.

నరం, కండ కలిసే సందు

ఆజ్ఞ తెచ్చే నరం కండకు నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో కంటికి కనిపించనంత సందు. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, అది సందు దాటి పోగు మీదున్న గ్రాహకాలకు తగులుతుంది, పోగులో విద్యుత్తు అల పుడుతుంది, కాల్షియం సంచులు తెరుచుకుంటాయి. వాడేసిన అసిటైల్‌కోలిన్‌ను ఒక ఎంజైమ్ వెంటనే తుడిచేస్తుంది. అది తుడవకపోతే తర్వాతి ఆజ్ఞకు చోటు ఉండదు.

తెలుగు పల్లెల్లో ప్రాణాలు తీసే రెండు విషాలు పనిచేసేది ఈ సందులోనే. పత్తి చేలలో వాడే ఆర్గానోఫాస్ఫేట్ పురుగు మందులు ఆ తుడిచే ఎంజైమ్‌ను కట్టేస్తాయి. కంటిపాప సూది మొనంత అవుతుంది, నోట్లో లాలాజలం కారుతుంది, కండలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. ఊపిరి కండరాలు ఆగిపోవడమే అసలు ప్రమాదం. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ లాలాజలాన్ని, ఊపిరితిత్తుల్లో చేరే నీటిని తగ్గిస్తుంది కానీ కండ చచ్చుదనాన్ని తగ్గించలేదు. అందుకే కొందరికి రోజుల తరబడి వెంటిలేటర్ అవసరమవుతుంది. పంపు భుజాన వేసుకుని స్ప్రే చేసిన బట్టలు ఇంటికొచ్చాక వెంటనే మార్చాలి, వేరుగా ఉతకాలి. ఈ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది.

రెండోది పాము విషం. నాగుపాము విషం గ్రాహకాలను మూసేస్తుంది. కట్లపాము విషం నరం చివరనే పాడు చేస్తుంది. కట్లపాము ఎక్కువగా రాత్రి, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి కడుపు నొప్పి, వాలిపోయిన కనురెప్పలు, మాట ముద్దగా రావడం. నిద్ర మత్తు అనుకుని పడుకోబెట్టినా, పసరు మందుతో గంటలు గడిపినా చేయి దాటిపోతుంది. ఇలా కనిపిస్తే 108కి ఫోన్ చేయడమే మార్గం.

విషం ఏమీ లేకుండానే ఇదే సందులో వచ్చే జబ్బు మయస్తీనియా గ్రేవిస్. ఒంటి రోగనిరోధక శక్తి తన గ్రాహకాల మీదే దాడి చేస్తుంది. పొద్దున బాగానే ఉంటారు. సాయంత్రానికి రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, రొట్టె నములుతుంటే మధ్యలో దవడ ఆగిపోతుంది. కాసేపు విశ్రాంతి తీసుకుంటే మళ్లీ సర్దుకుంటుంది. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని అలసట అనుకుంటారు, కొన్నిసార్లు నటన అని కూడా అంటారు. 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే డాక్టర్, ఈ లక్షణాలు కురారే విషం లక్షణాల్లా ఉన్నాయని గమనించి, ఆ విషానికి విరుగుడుగా వాడే మందును రోగికి ఇచ్చి చూశారు. కాసేపట్లోనే బలం తిరిగొచ్చింది. అదే కుటుంబానికి చెందిన మందు ఇప్పుడు మాత్రల్లో దొరుకుతోంది. కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ జబ్బును పెంచుతాయి. కాబట్టి జ్వరానికి వెళ్లినా సరే, ఈ జబ్బు సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

నరం బాగుండి, సందు బాగుండి, పోగు మీద విద్యుత్తు అల పుట్టకపోతే? రక్తంలో పొటాషియం బాగా పడిపోతే అదే జరుగుతుంది. రాత్రి దావత్‌లో కడుపు నిండా తిని పడుకున్న కుర్రాడు పొద్దున కాళ్లు కదపలేకపోతే పక్షవాతం అని ఇల్లంతా హడలిపోతుంది. ఇలా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు కొందరున్నారు, కొందరిలో దీని వెనక థైరాయిడ్ ఎక్కువ కావడం ఉంటుంది. రక్త పరీక్షలో తేలిపోతుంది. కానీ ఆసుపత్రికి వెంటనే వెళ్లాల్సిందే, ఎందుకంటే పొటాషియం తేడా గుండెనూ ఆపగలదు.

పిక్కలు లావైన పిల్లాడు

అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం జరిగేది ఇక్కడ. బాబు మూడు నాలుగేళ్లవాడు. తరచూ పడిపోతుంటాడు. తోటి పిల్లల్లా పరుగెత్తడు, మెట్లు పట్టుకుని ఎక్కుతాడు. పిక్కలు మాత్రం లావుగా ఉంటాయి, చూసినవాళ్లు మంచి పుష్టి అని మెచ్చుకుంటారు. నేల మీద నుంచి లేవమంటే ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించుకుంటూ తన ఒంటిమీద తానే ఎక్కినట్టు లేస్తాడు. ఇంగ్లండ్ డాక్టర్ విలియం గోవర్స్ 19వ శతాబ్దంలోనే దీన్ని వివరించారు. ఈ తీరుకు ఆయన పేరే ఉంది.

ఇది డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ కావచ్చు. పుట్టే ప్రతి 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. లోపల లాగే తీగలను పోగు పైపొరకు కట్టి ఉంచే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ వీళ్లలో తయారు కాదు. కట్టు లేకపోవడంతో లాగిన ప్రతిసారీ పైపొర చిరుగుతుంది. చిరిగి చిరిగి పోగులు చనిపోతాయి, ఆ చోట్లో కొవ్వు చేరుతుంది. పిక్కల లావుకు కారణం చాలావరకు అదే. చికిత్స లేకపోతే చాలామంది 12 ఏళ్లు వచ్చేసరికి నడక కోల్పోతారు. స్టెరాయిడ్ మందులు దీన్ని నయం చేయలేవు, కానీ నడిచే కాలాన్ని పెంచుతాయి, వెన్ను వంగడాన్ని తగ్గిస్తాయి. ముందే తెలియడం ఇందుకే ముఖ్యం.

తెలుసుకోవడానికి మొదటి మెట్టు సీపీకే అనే మామూలు రక్త పరీక్ష. ఈ పిల్లల్లో అది వేలల్లో ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్‌లు కండలో కూడా ఉంటాయి. కండ చిరిగితే అవీ పెరుగుతాయి. దాంతో కామెర్లనో, లివర్ జబ్బనో నెలల తరబడి మందులు వాడిన పిల్లలున్నారు. కళ్లు పచ్చబడకుండా ఈ అంకెలు ఎక్కువగా ఉన్న బాబుకు సీపీకే చేయించారా అని అడగడంలో తప్పు లేదు.

మేనరికం వల్లే ఇలా అయిందని చుట్టాలు అనేస్తారు. డుషేన్ విషయంలో అది నిజం కాదు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి రావచ్చు, లేదా దాదాపు మూడో వంతు మందిలో కొత్తగా పుట్టవచ్చు. తల్లిదండ్రులు చుట్టాలా కాదా అన్నదానితో సంబంధం లేదు. తల్లిని నిందించడంలో అర్థం అంతకన్నా లేదు. అయితే తుంటి, భుజం కండరాలను దెబ్బతీసే వేరే డిస్ట్రోఫీల్లో చాలా రకాలకు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. ఏది ఏ రకమో జన్యు పరీక్షే చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కచెల్లెళ్లు, పిన్నుల పెళ్లిళ్లకు, కాన్పులకు ముందే ఈ విషయం తెలిస్తే ఆ కుటుంబానికి మేలు.

లేచి కూర్చుంటే తెలిసిపోతుంది

గోల్కొండ కోట ఎక్కి దిగిన మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఎక్కినందుకు కాదు, ఎక్కువగా దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండ లాగుతూనే సాగాలి, అప్పుడే పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. దానికి లాక్టిక్ యాసిడ్ కారణం కాదు, అది గంట రెండు గంటల్లోనే రక్తంలో కొట్టుకుపోతుంది. చిరుగులను పక్కనే నిద్రపోతున్న చిన్న కణాలు లేచి బాగు చేస్తాయి. వ్యాయామంతో కండ పెరగడం అంటే పోగుల సంఖ్య పెరగడం కాదు, ఉన్న పోగులు లావు కావడం. వాడకపోతే అంతే వేగంగా సన్నబడతాయి. కాలుకు కట్టు వేసిన కొన్ని రోజుల్లోనే తొడ తగ్గడం కంటికే కనిపిస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇంకా ముఖ్యం. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద భాగాన్ని పీల్చుకునేది కండరాలే. మామూలుగా దానికి ఇన్సులిన్ తలుపు తీయాలి. కానీ కండ పని చేస్తుంటే ఇన్సులిన్ లేకుండా కూడా ఆ తలుపు తెరుచుకుంటుంది. భోంచేశాక పావుగంట నడవమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మాత్రం షుగర్ మరీ పడిపోకుండా చూసుకోవాలి.

ఇంట్లోనే ఎక్కువగా ఉండే ఆడవాళ్లలో, ఎండ తగలని పెద్దవాళ్లలో విటమిన్ డి తక్కువైతే ముందు దెబ్బ తగిలేది తొడలకు, తుంటికి. నమాజులో కూర్చున్నచోట నుంచి లేవడానికి చేతులు ఆనించడం, బాత్రూంలో కుళాయి పట్టుకుని లేవడం మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులనుకుని బామ్ రాసుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లున్నారు. థైరాయిడ్ తక్కువైనా ఇలాగే ఉంటుంది. రెండూ రక్త పరీక్షతో తెలుస్తాయి, రెండింటికీ మందుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలతో కొద్దిమందికి కండ నొప్పులు వస్తాయి. సొంతంగా మానేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, కండ కరిగి కిడ్నీలకు అడ్డం పడుతున్న గుర్తు కావచ్చు.

ఏ జబ్బూ లేకపోయినా నడి వయసు నుంచి కండ మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే పెద్దవాళ్లలో చాలామందికి ముందు బలహీనపడింది తొడ కండలే. దీన్ని ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించాలి. పెద్దవాళ్లను అందులో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకోమని చెప్పి, ఆసరా లేకుండా ఐదుసార్లు పూర్తిగా నిలబడి కూర్చోమనాలి. పక్కన ఒకరు ఉండి ఫోన్‌లో టైం చూడాలి. 15 సెకన్లు దాటినా, మధ్యలో చేతులు ఆనించాల్సి వచ్చినా కాళ్ల బలం తగ్గినట్టే లెక్క. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లి "కమ్జోరీగా ఉంది" అనకుండా, "కుర్చీలో నుంచి ఐదుసార్లు లేవడానికి 22 సెకన్లు పట్టింది, ఆరు నెలల కిందట ఇలా లేదు" అని చెప్పవచ్చు.